నా డైరీలోని రెండు వాక్యాలు కోడలి కంటపడ్డాయి... ఇక ఏ యాప్‌లో రాసుకోవాలి?

ఈ వారం ఉత్తరం రాసినవారు పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయిని. వయసు 61. పేరు, సొంత ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం ఎనిమిది పేజీలు ఉంది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

పెళ్లయిన ఏడాది, అంటే 1987 నుంచి ఆమెకు డైరీ రాసే అలవాటు. ప్రతి జనవరిలో భర్త ఎక్కడి నుంచో ఒక డైరీ సంపాదించి, మొదటి పేజీలో శ్రీకారం చుట్టి, ఆమె పేరు రాసి చేతికిచ్చేవారు. అలాంటివి 34 డైరీలు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఆయన పోయారు. ఆమె హైదరాబాదులో కొడుకు దగ్గరికి వచ్చేశారు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని, ఎక్కువసేపు పెన్ను పట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. అది విని కొడుకు శాంసంగ్ టాబ్లెట్ కొని, తన ఈమెయిలుతోనే దాన్ని సిద్ధం చేసి ఇచ్చాడు. తెర మీద రాసే పెన్ను కూడా టాబ్లెట్‌తో పాటే వచ్చింది. ఉచితంగా దొరికిన ఒక డైరీ యాప్ వేసుకుని ఆమె ఏడు నెలలు రాసుకున్నారు.

ఒక ఆదివారం మనవడు హాల్లో కూర్చుని ఆ టాబ్లెట్‌లో కార్టూన్లు చూస్తున్నాడు. తెర పైనుంచి ‘ఆరు నెలల క్రితం ఈ రోజు’ అంటూ ఒక పట్టీ కిందికి జారింది. దాని కింద ఆమె రాసుకున్న రెండు వాక్యాలు: ‘ఈ ఇంట్లో నేను నాయనమ్మనా, ఆయానా? అడిగే చోటు లేక ఇక్కడ అడుగుతున్నాను.’ మనవడికి అన్నం కలిపి తెచ్చిన కోడలు అది చదివింది. ఏమీ అనలేదు. పళ్లెం అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇది జరిగి 40 రోజులు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ‘అత్తయ్యా, కాఫీ అన్న పిలుపు మారలేదు కానీ గొంతు మారింది’ అని రాశారామె. ఆ రోజు నుంచి ఒక్క అక్షరం కూడా రాయలేదట.

ఏటా డబ్బు కట్టే మంచి యాప్ తీసుకోమని కొడుకు అంటున్నాడు. చేత్తో రాసే యాప్ హాయిగా ఉంటుందని తోటి టీచరు అంటున్నారు. ‘యాప్‌లను నమ్మకు అత్తా, ఫైళ్లుగా దాచుకో’ అని అమెరికాలోని మేనల్లుడు. ‘ఏది మంచిదో చెప్పండి. రాసినదంతా చెరిపేయనా? ఈ వయసులో ఇలాంటివి రాసుకోవడమే తప్పా?’ అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, ‘2019 డైరీ మొదటి పేజీని కొత్తదాంట్లో పెట్టుకునే వీలుందా?’ అని మరొక చిన్న మాట.

టీచర్ గారూ,

చివరి నుంచి రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. తప్పు కాదు. 1986లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకురాలు సాండ్రా బీల్ కలిసి కొందరు విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, మనసును బాధించిన సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, జరిగిన సంగతితో పాటు దాని గురించి తమకు కలిగిన భావాన్ని కూడా రాసినవారు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలు చాలా జరిగాయి, ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. అయినా చెప్పుకోలేని మాటను కాగితం మీద పెట్టడం మనిషి తనకు తాను చేసుకునే ఉపకారమని నేను గట్టిగా నమ్ముతాను. మీరు 34 డైరీల పాటు చేసింది అదే. ఆ ఆదివారం జరిగిన పొరపాటు మీ రాతది కాదు, తాళానిది.

మీ ట్రంకు పెట్టెకు తాళం ఉండేది, తాళంచెవి మీ దగ్గరే ఉండేది. టాబ్లెట్ విషయంలో తాళంచెవి మీ అబ్బాయి దగ్గర ఉంది. ఆయన చెడ్డ ఉద్దేశంతో తన ఈమెయిలు పెట్టలేదు, తొందరగా పని కావాలని పెట్టారు. కానీ దాని పర్యవసానం చూడండి. ఆ ఖాతాకు వెళ్లే ఫోటోలు, నకళ్లు ఆయన ఫోనులోనూ తెరుచుకోవచ్చు. మనవడి కార్టూన్లు, మీ డైరీ ఒకే గదిలో ఉన్నాయి. ఈ పరిస్థితిలో ఎంత ఖరీదైన యాప్ కొన్నా, తలుపు లేని గదిలో బీరువా పెట్టినట్టే అవుతుంది. అందుకే ఏ యాప్ అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ముందు గదికి తలుపు పెట్టుకుందాం.

దీనికి రెండు దారులున్నాయి. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో ఒకరికంటే ఎక్కువమంది వేర్వేరు వాడుకరులుగా ఉండే వీలు 2012లోనే వచ్చింది. సెట్టింగ్స్‌లో ‘యూజర్స్’ అనే చోట మీ పేరుతో కొత్త వాడుకరిని చేర్చి, మీ సొంత జీమెయిల్, మీ సొంత పిన్ పెట్టుకోవచ్చు. అప్పుడు మీ యాప్‌లు, మీ రాతలు మీ భాగంలోనే ఉంటాయి. మనవడు తన భాగంలో ఆడుకుంటాడు. ఇది పది నిమిషాల పని. లోటు ఒక్కటే: టాబ్లెట్‌కు అసలు యజమాని మీ అబ్బాయిగానే మిగులుతారు. ఆయన మీ భాగం లోపలికి తొంగిచూడలేరు కానీ, ఎప్పుడైనా దాన్ని మొత్తంగా తొలగించగలరు. రెండో దారి, టాబ్లెట్‌ను పూర్తిగా ఖాళీ చేసి మీ పేరుతో మొదటినుంచి సిద్ధం చేసుకోవడం, మనవడికి అందులో వేరే భాగం ఇవ్వడం. నా మనసు దీనివైపే ఉంది, ఎందుకంటే వస్తువు మీదని అప్పుడు అందరికీ స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఖాళీ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. ఏడు నెలల రాతలను బయటికి తీసి పెట్టుకున్నాకే ఆ పనికి దిగాలి. మీ అబ్బాయిని అడగడానికి సంకోచం ఉంటే, ‘నాకంటూ ఒక ఈమెయిలు కావాలి నాయనా’ అంటే సరిపోతుంది. కారణం చెప్పనక్కరలేదు.

ఏ దారిలో వెళ్లినా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ పట్టీని ఆపేయాలి. తెరకు తాళం పడి ఉన్నప్పుడు నోటిఫికేషన్లలోని మాటలు కనిపించకుండా దాచే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. కానీ మీ విషయంలో తెర తెరిచి ఉండగానే అది జారింది కాబట్టి అదొక్కటే చాలదు. ఆ యాప్‌కు నోటిఫికేషన్లు పంపే అనుమతినే పూర్తిగా తీసేయండి. రేపు ఏ కొత్త డైరీ యాప్ వేసుకున్నా, మొదటి అక్షరం రాయకముందే చేయవలసిన పని ఇది. పాత జ్ఞాపకాలను గుర్తుచేయడం ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ఉన్న గుణం. ఒంటరిగా ఉండేవారికి అది బాగుంటుంది. నలుగురు తిరిగే ఇంట్లో అది ఎవరి ముందు నోరు తెరుస్తుందో చెప్పలేం.

చెరిపేయనా అని అడిగారు. ఇప్పుడు వద్దు. సిగ్గులో చేసిన పనికి తర్వాత బాధపడతాం. పైగా టాబ్లెట్‌లో చెరిపినంత మాత్రాన మాట మాయమైందని అనుకోలేం. చాలా సేవల్లో అది కొన్నాళ్లు చెత్తబుట్టలోనో, ఇంకెక్కడో దాచిన నకలులోనో ఉంటుంది. ముందు ఒక ప్రతి బయటికి తీసి మీ అధీనంలో పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత కూడా చెరపాలనిపిస్తే అప్పుడు చెరపండి.

ఇక ముగ్గురు చెప్పిన మూడు మాటలు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది.

మీ తోటి టీచరు చెప్పిన చేతిరాత దారికి మీరు కొత్తగా ఏమీ కొననక్కరలేదు. శాంసంగ్ నోట్స్ అనే యాప్ మీ టాబ్లెట్‌లో ఇప్పటికే ఉంది. ఒక్కొక్క నోట్‌కు విడిగా తాళం వేసుకోవచ్చు, పేజీలను పీడీఎఫ్‌గా బయటికి తీసుకోవచ్చు. 34 డైరీలు నింపిన చేతికి అక్షరం తన వంపుతో కనపడటంలో ఉన్న తృప్తి టైపులో రాదు. ఆ మాట ఒప్పుకుంటాను. అయితే మీ బొటనవేలి సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. గాజు తెర నున్నగా ఉంటుంది కాబట్టి, జారకుండా ఉండాలని మనకు తెలియకుండానే పెన్నును కాగితం మీదకన్నా బిగించి పడతాం. సన్నని పెన్నైతే కీలు మీద భారం ఇంకా ఎక్కువ. తెరకు కాగితంలా గరుకుగా ఉండే పొర అంటించి, పెన్నుకు మెత్తని లావుపాటి తొడుగు వేస్తే కొంత నయం. డాక్టరు ఎంతసేపు రాయవచ్చన్నారో అడిగి, అంతకు మించవద్దు. రెండో సంగతి, వెతుకులాట. చేత్తో రాసిన తెలుగు పేజీలో ‘అమ్మాయి పురుడు’ అని వెతికితే దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ప్రతి పేజీకి తేదీ, రెండు మాటల శీర్షిక టైపు చేసి పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మీ అబ్బాయి చెప్పినలాంటి యాప్‌లలో బాగా పేరున్నది డే వన్. 2011 నుంచి ఉంది. 2021లో వర్డ్‌ప్రెస్.కామ్ అనే బ్లాగుల వేదికను నడిపే ఆటోమాటిక్ సంస్థ దాన్ని కొనుగోలు చేసింది. మీరు రాసింది మీ దగ్గరే తాళం పడి, మళ్లీ మీ దగ్గరే తెరుచుకునే పద్ధతి అందులో ఉంది. మధ్యలో కంపెనీ సర్వర్‌లో ఉన్నది వాళ్లకే చదవడానికి వీలుకాదు. దానికి ఒక రహస్య తాళంచెవి, అంటే పొడవాటి అక్షరాల వరుస ఇస్తారు. అది పోగొట్టుకుంటే కంపెనీ కూడా మీ రాతలను తెరిచి ఇవ్వలేదు. కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో పెట్టండి, అక్కడికన్నా భద్రమైన చోటు లేదు. ఇలాంటి యాప్‌లు టైపు చేసేవారికి అనువుగా ఉంటాయి, పెన్నుతో రాసేవారికి అంత కాదు. అన్ని సౌకర్యాలూ కావాలంటే ఏటా చందా కట్టాలి. ఆ చందా ఎవరి కార్డు మీద వెళుతుంది? మీ అబ్బాయి కార్డు మీదైతే, మీ డైరీ కొనసాగింపు ప్రతి ఏటా ఆయన చేతుల మీదుగా జరగాలి. పింఛను వచ్చే ఖాతా మీకుంది కదా, చందా యాప్ తీసుకుంటే అందులోంచే కట్టండి.

చందా బెడద లేకుండా ఒక్కసారి డబ్బు కట్టే డైరియం లాంటివి కూడా ఉన్నాయి. అది మీ రాతల నకలును మీ సొంత గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోనిస్తుంది. అక్కడ మీ జీమెయిల్ పాస్‌వర్డే తాళం. అది ఇంట్లో ఇంకెవరికైనా తెలిస్తే డైరీ కూడా తెలిసినట్టే.

మేనల్లుడి మాట చాలామంది కొట్టిపారేస్తారు కానీ నాకు అది అనుభవంలోకి వచ్చిన మాట. 2003లో మా నాన్నగారు తన చిన్ననాటి సంగతులు 40 పేజీలు రాస్తే, మా ఊళ్లో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో వేయించుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆయన సంవత్సరీకానికి పుస్తకంగా అచ్చు వేద్దామని ఆ ఫైలు తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, వాటి మధ్య అర్థం లేని గుర్తులు. ఫైలు చెడిపోలేదు. ఆ రోజుల్లో ఒక్కొక్క ఫాంటు తన సొంత లెక్క ప్రకారం అక్షరాలను దాచేది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు. మార్చిపెట్టే సాధనంతో ఒక స్నేహితుడు చాలావరకు వెనక్కి తెచ్చాడు, కానీ వత్తులు ఎక్కడివక్కడ ఊడిపోయాయి. ‘అమ్మమ్మ’ అన్న మాట ‘అమమ’గా మిగిలింది. అప్పట్లో తీసి పెట్టుకున్న ప్రింటు ఒకటి బీరువాలో దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ పాటించే యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ స్థిరమైన సంఖ్య ఉంది కాబట్టి ఆ గండం గడిచింది. అయినా యాప్ తనకు మాత్రమే అర్థమయ్యే రూపంలో దాచుకుంటే మనం మళ్లీ అక్కడికే వస్తాం.

కంపెనీలు నియమాలు మార్చడం కూడా మామూలే. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచితంగా వాడేవారికి 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. చేత్తో రాసుకునే నోటబిలిటీ యాప్ 2021 నవంబరులో చందా పద్ధతికి మారినప్పుడు, అంతకుముందే డబ్బిచ్చి కొనుక్కున్నవారు గోల పెడితే తప్ప వారి హక్కులను అలాగే ఉంచలేదు. మేనల్లుడు చెప్పే దారిలో ఆ భయం ఉండదు. జాప్లిన్ లాంటి ఉచిత యాప్‌లో రాసుకుంటే, రాసినదాన్ని మామూలు పాఠ్య (టెక్స్ట్) ఫైళ్లుగా తీసుకోవచ్చు, ఏ కంప్యూటర్ అయినా వాటిని చదువుతుంది. కానీ ఆ ఫైళ్లు ఎక్కడ దాచాలి, నకలు ఎలా తీయాలి అన్న పని మీ నెత్తిన పడుతుంది. ఏదైనా చిక్కు వస్తే మేనల్లుడు నిద్రలేచేదాకా ఆగాలి.

ఏది ఎంచుకున్నా ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. తెలుగు టీచరు కాబట్టి మీకు ఇది సరదాగా ఉంటుంది. ‘స్త్రీ’, ‘జ్ఞాపకం’, ‘కర్తవ్యం’, ‘వాఙ్మయం’ అన్న మాటలతో నాలుగు వాక్యాలు రాయండి. వాటిని పాఠ్యంగా బయటికి పంపి, కొడుకు కంప్యూటర్లోనో ఇంకొక ఫోనులోనో తెరవండి. వత్తులు, గుడులు చెక్కుచెదరకుండా వచ్చాయా చూడండి. తర్వాత ‘జ్ఞాపకం’ అని వెతకండి. పీడీఎఫ్ ఒక్కదానితో తృప్తిపడవద్దు. తెలుగు పీడీఎఫ్ కంటికి ముత్యాల్లా కనిపిస్తుంది కానీ, అందులోంచి ఒక వాక్యం నకలు చేసి వేరేచోట అతికిస్తే చాలాసార్లు అక్షరాలు కకావికలవుతాయి. పాఠ్యం ఒకటి, పీడీఎఫ్ ఒకటి, రెండూ ఉంచుకోండి. ఈ పరీక్షలో తప్పిన యాప్‌ను ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

రాసే తీరు గురించి కూడా ఒక మాట. గూగుల్ వారి జీబోర్డ్ కీబోర్డులో తెలుగు ఎంచుకుంటే మూడు రకాలుగా రాయవచ్చు. అక్షరాలు నొక్కడం, తెర మీద చేత్తో గీస్తే అచ్చు అక్షరాలుగా మారడం, నోటితో చెబితే టైపు కావడం. వేలికి అన్నిటికన్నా సుఖమైనది మూడోది. కానీ మనసులో మాటను పక్కగదికి వినపడేలా చెప్పలేం కదా. పొద్దున్నే నడకకు వెళ్లే పార్కు బల్ల దానికి తగిన చోటు. చేత్తో గీసే పద్ధతి మీ రాతను ఎంతవరకు గుర్తుపడుతుందో నాలుగు రోజులు ప్రయత్నించి చూడండి. మీ పరిస్థితికి నాకు తోచింది ఇది: రోజువారీ రాత ఒక్కసారి డబ్బు కట్టే యాప్‌లో, మీ సొంత ఖాతాలో. ఆదివారం ఒక్క పేజీ మాత్రం శాంసంగ్ నోట్స్‌లో చేత్తో. మనసు విప్పి రాసే మాటలు కంపెనీకి కూడా అందకూడదని మీకు అనిపిస్తే, చందా కట్టి డే వన్ వైపు వెళ్లడం సబబు.

మీ తర్వాత వీటిని ఎవరు చూడాలన్నది కూడా మీ చేతిలో ఉండాలి. ఖాతా కొంతకాలం వాడకపోతే ఎవరికి అందాలో, లేదా చెరిగిపోవాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు గూగుల్ ఖాతాలో ఉంది. మూడు నెలల నుంచి 18 నెలల దాకా గడువు మీరే పెట్టవచ్చు. తొందరేమీ లేదు, ఆలోచించుకుని పెట్టండి.

ఇక మీ కోడలు. మీరు అడగలేదు కానీ ఉత్తరంలో ఎక్కువ చోటు ఆమెదే. పళ్లెం అక్కడే పెట్టి వెళ్లిపోయిందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆమె చదివింది ఏడు నెలల్లో రెండు వాక్యాలు. మిగతా పేజీల్లో ఆమె గురించి మంచి కూడా ఉందని మీరే రాశారు, జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మీ పక్కన కూర్చున్న సంగతితో సహా. అది ఆమెకు తెలియదు.

మౌనంగా ఉండిపోవచ్చు. కాలం గడిచి గొంతు మామూలు కావచ్చు, లేదా ఆ రెండు వాక్యాలే మీ ఇద్దరి మధ్య శాశ్వతంగా కూర్చోవచ్చు. ‘అది ఏదో కథ రాసుకున్నాను’ అనవచ్చు, కానీ ఆమె నమ్మదు, మీకూ ఆ మాట నచ్చదు. మొత్తం డైరీ ఆమె చేతికిచ్చి చదువుకోమనడం ఉదారంగా కనిపిస్తుంది. నేను మాత్రం వద్దంటాను. ఒకసారి చూపించాక మళ్లీ ఎవరూ చూడరన్న ధైర్యంతో మీరు రాయలేరు. ఇంకొకటి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, మనవడు బడికి వెళ్లాక, ‘ఆ రోజు నువ్వు చూసినది నేనే రాశాను అమ్మాయీ. ఆ రోజు నాకు అలా అనిపించింది. నీ మీద కోపంతో కాదు, అలసటతో’ అని చెప్పడం. ఇలా చెబితే ఆమె కూడా తన కష్టం చెప్పవచ్చు, అది వినడానికి మీరు సిద్ధపడాలి. మాటల్లో కొంత పదును ఉండవచ్చు. ఆ తర్వాత మనవడి బాధ్యత ఏ వేళ ఎవరిదన్న లెక్క కూడా తేలవచ్చు. నిజానికి మీ ‘ఆయానా’ అన్న ప్రశ్నకు కారణం ఆ లెక్క తేలకపోవడమేనని నాకు అనిపించింది. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా పిల్లవాడు మీ ఒక్కరి మీదే ఉంటున్నాడని మూడుచోట్ల రాశారు. ఎప్పుడు మాట్లాడాలి, అసలు మాట్లాడాలా అన్నది ఆ ఇంటి గాలి తెలిసిన మీకే తెలుస్తుంది.

పాత 34 డైరీలను ఇప్పుడే టాబ్లెట్‌లోకి ఎక్కించే పని పెట్టుకోవద్దు. ట్రంకు పెట్టెలో చెద, తేమ చేరకుండా చూసుకుంటే చాలు. 2019 డైరీ మొదటి పేజీ మాత్రం ఈ వారమే చేయండి. మీవారి చేత్తో శ్రీకారం చుట్టి, కింద మీ పేరు రాసిన పేజీ అన్నారు కదా. డైరీని కిటికీ పక్కన బల్ల మీద పరచండి, ఎండ నేరుగా పడకుండా చూడండి. పేజీ మధ్యలో ఉబ్బకుండా అంచు మీద ఒక స్కేలు ఆన్చండి. టాబ్లెట్‌ను పైనుంచి తిన్నగా పట్టుకుని ఫోటో తీసి, అంచులు కత్తిరించి, కొత్త డైరీలో మొదటి పేజీగా పెట్టుకోండి. శాంసంగ్ నోట్స్‌లో అయితే ఆ ఫోటో మీదే పెన్నుతో రాయవచ్చు కూడా. ఆయన సిరా పక్కన ఈ ఏడాది తేదీ వేసుకోండి. ఫోటో తీసేటప్పుడు మీ చేతి నీడ ఆ అక్షరాల మీద పడకుండా కొంచెం ఎడమవైపు జరిగి నిలబడండి.